అద్దె ఫ్లాట్‌లో పాట వినే గది: ముందు కుర్చీ జరపండి, గోడల సంగతి తర్వాత

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైన సంగతి ఇది. మద్రాసు వేళచ్చేరిలో అద్దె ఫ్లాటు. రెండో బెడ్‌రూమ్ 14 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు, సీలింగ్ తొమ్మిదిన్నర అడుగులు, నేలంతా విట్రిఫైడ్ టైల్స్. పొడుగు గోడకు టీవీ యూనిట్, దాని మీద చెరో చివర బుక్‌షెల్ఫ్ స్పీకర్లు. ఎదురు గోడకు దివాన్ కాట్ వేసుకుని, గోడకు వీపు ఆనించి కూర్చుని వింటారు. బేస్‌లో ఒకట్రెండు స్వరాలు గుమ్మని మోగుతాయి, మిగతావి ఉన్నాయో లేదో తెలియదు. గొంతులు గీసుకుపోతున్నాయని అంగుళం మందం నల్ల ఫోమ్ తెచ్చి డబుల్ సైడ్ టేపుతో గోడల నిండా అతికించారు. గీత పోయింది గానీ పాటకు ప్రాణం కూడా పోయింది, గుమ్మనడం మాత్రం అలాగే ఉంది. ఒకాయన వచ్చి చూసి గది మొత్తానికి లక్షా ఎనభై వేలు అన్నాడు. మీ దగ్గర ఉన్నది 30 వేలు. ఓనరు గోడకు మేకు కొట్టనివ్వడు. పై ఇంటివాళ్ళు ఇప్పటికే ఒకసారి వచ్చి తలుపు తట్టారు. ఇన్ని చెప్పి, చివర్లో సబ్‌వూఫర్ (కింది బేస్ మాత్రమే వాయించే విడి స్పీకర్) కొంటే సర్దుకుంటుందా అని అడిగారు.

వడపళని, సాలిగ్రామం వైపు చిన్న డబ్బింగ్ గదులకు, ఎడిటింగ్ గదులకు చాలా ఏళ్ళు ఈ పనే చేశాను. ఆ అనుభవంతో చెబుతున్నాను: లక్షా ఎనభై వేలు అక్కర్లేదు, మీ 30 వేలలోపే అయిపోతుంది. మొదటి వారం రూపాయి కూడా తీయకండి. మీ గదిలో ఉన్న తప్పులో సగం మీరు కూర్చున్న చోట ఉంది, పావు వంతు స్పీకర్లు ఉన్న చోట ఉంది. గోడలది మిగిలిన పావు.

ముందు ఆ ఫోమ్ ఏం చేసిందో చూద్దాం. శబ్దం గాలిలో సెకనుకు సుమారు 1130 అడుగులు పోతుంది. మద్రాసు ఎండల్లో ఇంకాస్త వేగంగా పోతుంది గానీ మన లెక్కకు తేడా రాదు. అంటే 100 హెర్ట్జ్ (సెకనుకు వంద కంపనాలు) స్వరానికి ఒక అల పొడవు 11 అడుగుల పైమాటే. 3000 హెర్ట్జ్ అల నాలుగున్నర అంగుళాలు. ఫోమ్, రాక్‌వూల్ (రాతిని కరిగించి తీసిన నార), దూది, మందపాటి కర్టెన్ వీటన్నిటి పనీ ఒకటే, సందుల్లో కదిలే గాలిని రాపిడితో ఆపి ఆ శక్తిని కాస్తంత వేడిగా మార్చడం. కానీ గోడను అంటుకున్న చోట గాలి కదలదు, అక్కడ ఒత్తిడి ఒక్కటే ఉంటుంది. గాలి బాగా కదిలేది గోడ నుంచి అల పొడవులో నాలుగో వంతు దూరంలో. 3000 హెర్ట్జ్‌కు ఆ దూరం అంగుళం పైన కొంచెం, కాబట్టి మీ ఫోమ్‌కు అది దొరికింది. 100 హెర్ట్జ్‌కు దాదాపు 3 అడుగులు. అంత పెద్ద అలకు గోడ మీద అంగుళం ఫోమ్ ఉన్నట్టే తెలియదు.

అందుకే గోడల నిండా పలచటి సరుకు అతికిస్తే గది మరింత చెడుతుంది. పైస్థాయి అంతా ఫోమ్ తినేస్తుంది, కిందిస్థాయి ఉన్నదున్నట్టు మిగులుతుంది. దుప్పటి కప్పుకుని పాడుతున్నట్టు గొంతు, దాని కింద గుమ్ గుమ్ అని బేస్. ఆ ఫోమ్‌ను తీసేయండి. పెయింటు ఊడొస్తే ఓనరుతో పేచీ కాబట్టి హెయిర్ డ్రయ్యర్‌తో టేపును వేడిచేసి మెల్లగా లాగండి. ఇంకో మాట, మంట నిలవకుండా ప్రత్యేకంగా తయారుచేసిన రకమైతే తప్ప ఈ పాలియురెథేన్ ఫోమ్ త్వరగా అంటుకుంటుంది, దాని పొగ విషం. స్విచ్‌బోర్డు చుట్టూ కూడా అతికించారని రాశారు. ముందు అక్కడిది తీయండి. కోడిగుడ్ల అట్టల సలహా కూడా ఎవరో ఒకరు ఇస్తారు, వాటి సంగతి మాట్లాడను.

ఇప్పుడు గుమ్మనే స్వరాలు ఎక్కడివో లెక్క కడదాం. ఎదురెదురు గోడల మధ్య అల సరిగ్గా సగం పట్టినప్పుడు ఆ స్వరం గదిలో నిలబడిపోతుంది. దీన్నే రూమ్ మోడ్ అంటారు. లెక్క చాలా సులువు: 565ను గది కొలత అడుగులతో భాగించండి. మీ 14 అడుగులకు 40 హెర్ట్జ్, 11 అడుగులకు 51, తొమ్మిదిన్నర అడుగుల సీలింగ్‌కు 59. ప్రతిదానికీ రెట్టింపు, మూడు రెట్ల దగ్గర కూడా మోడ్లు ఉంటాయి, అంటే 81, 103, 119, అలా పైకి. మీ అదృష్టం, మూడు కొలతలు మూడు రకాలుగా ఉన్నాయి. 10 అడుగుల చదరపు గది అయితే రెండు వైపులా 56 దగ్గరే పడి ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. ఫ్లాట్ తీసుకునేముందు ఇది చూసుకునేవాళ్ళు ఎవరూ లేరనుకోండి, వాస్తు చూసుకునేసరికే ప్రాణం పోతుంది.

ఏ మోడ్ అయినా గోడ దగ్గర గరిష్ఠంగా వినిపిస్తుంది. మీరు పొడుగు గోడకు వీపు ఆనించి కూర్చున్నారు. అంటే 11 అడుగుల వైపు ఉన్న 51, 103 రెండూ మీ చెవుల దగ్గరే శిఖరానికి చేరుతున్నాయి. ఎదురు గోడను ఆనుకుని ఉన్న స్పీకర్లు కూడా వాటిని గరిష్ఠంగా లేపుతున్నాయి. రెండు చివర్లా తప్పే. మీరు కచేరీలు ఎక్కువ వింటానన్నారు. ఒకటిన్నర శ్రుతిలో పాడే గాయకుడి తంబురాలో మంద్ర పంచమం సుమారు 104 హెర్ట్జ్. మీ గది 103 దగ్గర ఊగడానికి సిద్ధంగా ఉంది. కొన్ని కచేరీలకే తంబురా మోత గొంతును మింగేస్తోందని మీరు రాయడంలో వింతేమీ లేదు. శ్రుతి మారితే అదే గదిలో అదే స్పీకర్ బాగున్నట్టు అనిపిస్తుంది.

కాబట్టి గదిని 90 డిగ్రీలు తిప్పండి. 11 అడుగుల పొట్టి గోడ వైపు స్పీకర్లు, 14 అడుగుల పొడవునా శబ్దం. రెండు పొట్టి గోడల్లో ఏది ముందు గోడ కావాలో మీ ఇష్టం. తూర్పు ముఖం పట్టింపు ఉన్నవాళ్ళు ఇంట్లో ఉంటే ఇక్కడ వాళ్ళ మాట వినొచ్చు, ధ్వనికి నష్టం లేదు. చూడాల్సింది ఒక్కటే, కుడి ఎడమలు వీలైనంత ఒకేలా ఉండాలి. ఒక స్పీకర్ పక్కన గోడ, ఇంకో స్పీకర్ పక్కన తెరిచిన తలుపు ఉంటే గాయకుడు ఎప్పుడూ ఒక పక్కకే ఒరిగి పాడతాడు.

స్పీకర్లు ఎక్కడ? మొత్తం జవాబులో ముఖ్యమైనది ఇదే కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను. 103 హెర్ట్జ్ మోడ్ రెండు పక్క గోడల దగ్గరా, గది నడుమా గట్టిగా ఉంటుంది. వెడల్పులో నాలుగో వంతు దగ్గర మాత్రం దాదాపు ఉండదు. స్పీకర్‌ను మోడ్ లేని చోట పెడితే అది ఆ మోడ్‌ను లేపలేదు. 11లో నాలుగో వంతు రెండు అడుగుల తొమ్మిది అంగుళాలు. పక్క గోడ నుంచి వూఫర్ (స్పీకర్‌లో బేస్ వాయించే పెద్ద గుండ్రటి భాగం) మధ్య వరకు అంత దూరం వచ్చేలా ఎడమదీ కుడిదీ పెట్టండి. రెండింటి మధ్య ఐదున్నర అడుగులు వస్తుంది. ఇంక 51 హెర్ట్జ్ సంగతి. అది నడిగీతకు అటొకలా, ఇటు దానికి సరిగ్గా వ్యతిరేకంగా ఉంటుంది. రెండు స్పీకర్లూ నడిగీతకు సమాన దూరంలో ఉండి ఒకే బేస్ వాయిస్తే ఒకటి లేపినదాన్ని ఇంకొకటి అణిచేస్తుంది. పైగా మీరు కూర్చునేది నడిగీత మీద, అక్కడ అది వినిపించదు. రూపాయి ఖర్చు లేకుండా వెడల్పు వైపు రెండు మోడ్ల పీడా తగ్గింది.

ముందు గోడ నుంచి ఎంత దూరం? స్పీకర్ వెనక్కి వెళ్ళిన బేస్ గోడకు కొట్టుకుని తిరిగొచ్చి, ఒక స్వరం దగ్గర ముందుకు వెళ్ళేదానితో ఢీకొని దాన్ని చంపుతుంది. ఆ స్వరం తెలియాలంటే 282ను గోడ నుంచి వూఫర్ వరకు ఉన్న అడుగులతో భాగించండి. 3 అడుగులకు 94, 2 అడుగులకు 141, అడుగుకు 282. మగ గొంతుకు నిండుతనం వచ్చేది 100 నుంచి 200 మధ్యన. అక్కడ గుంట పడితే ఎంత మంచి గాయకుడైనా పలచగా వినిపిస్తాడు. మీ గదిలో 5 అడుగులు ముందుకు తెచ్చి గుంటను 56 దగ్గరికి దింపే వీలు లేదు కాబట్టి నా సలహా దానికి ఎదురు: స్పీకర్లను గోడకు బాగా దగ్గరగానే ఉంచండి. వెనకవైపు రంధ్రం ఉన్న స్పీకర్ అయితే అది ఊపిరి తీసుకోవడానికి ఒక జానెడు వదలండి. వూఫర్ అప్పుడు గోడకు అడుగున్నర దూరంలో ఉంటుంది, గుంట 190 దగ్గరికి జరుగుతుంది. అక్కడైతే స్పీకర్ వెనక శబ్దాన్ని తినే మందపాటి ప్యానెల్ పెట్టి సగమైనా పూడ్చవచ్చు. 94 దగ్గర పడిన గుంటను ప్యానెల్‌తో పూడ్చలేం. గోడ దగ్గర ఉన్నందుకు బేస్ మొత్తంగా కాస్త పెరుగుతుంది, దాన్ని టోన్ కంట్రోల్‌తో తగ్గించుకోవచ్చు. పెరిగింది తగ్గించడం సులువు, పోయింది తెచ్చుకోవడం కష్టం.

పక్క గోడ దూరం, ముందు గోడ దూరం ఎప్పుడూ ఒకటి కాకూడదు. ఒకటైతే రెండు గుంటలూ ఒకే చోట పడి గొయ్యి అవుతుంది. రెండు ముప్పావు, ఒకటిన్నర అయితే ఆ భయం లేదు.

టీవీ యూనిట్ మీద వద్దు. ఆ బల్ల కూడా ఒక స్పీకరై మోగుతుంది, దాని పైతలం నుంచి శబ్దం ఎగిరి గొంతును చెడగొడుతుంది. ట్వీటర్ (పైస్థాయి వాయించే చిన్న భాగం) మీ చెవి ఎత్తుకు రావాలి, కుర్చీలో కూర్చుంటే అది నేల నుంచి 36, 38 అంగుళాలు. స్టాండ్లు కొనాల్సిన పని లేదు, బరువైన సిమెంటు బ్లాకులు పేర్చి పైన రబ్బరు ముక్క వేసినా నడుస్తుంది. అందంగా లేవని మీ ఆవిడ అంటే, అదీ నిజమే, గుడ్డ కప్పండి.

ఇక కుర్చీ. వెనక గోడను వదిలి రావాలి, అందులో బేరం లేదు. అలాగని సరిగ్గా గది మధ్యకు, 7 అడుగుల దగ్గరికి రాకండి, 40 హెర్ట్జ్ అక్కడ పూర్తిగా మాయమవుతుంది. ముందు గోడ నుంచి పదిన్నర అడుగుల దగ్గర 81 మాయమవుతుంది. ఆ రెంటి మధ్య, ఎనిమిది నుంచి తొమ్మిది అడుగుల వరకు మీకు మంచి చోటు. నేల మీద మాస్కింగ్ టేపుతో గీతలు పెట్టుకుని, బేస్ గిటార్ మెట్లు మెట్లుగా నడిచే ఒక పాట వేసి, కుర్చీని బెత్తెడు బెత్తెడు జరుపుతూ వినండి. అన్ని మెట్లూ దాదాపు ఒకే బలంతో వినిపించిన చోట ఆగండి. స్పీకర్ల మధ్య దూరం కన్నా మీ దూరం కొంచెం ఎక్కువవుతుంది. సమబాహు త్రిభుజం కావాలని చాలామంది పట్టుబడతారు, ఈ గదిలో దానికోసం పాకులాడకండి.

స్పీకర్లను లోపలికి ఎంత తిప్పాలో తేల్చడానికి మన దగ్గర ఉన్నంత మంచి సాధనం ఎవరి దగ్గరా లేదు. ఈ ఊళ్ళోనే రికార్డయిన 1950ల నాటి ఘంటసాల పాట ఏదైనా వేయండి. అది మోనో, రెండు స్పీకర్లలోనూ వచ్చేది ఒకటే. గొంతు రెండింటి నడుమ ఒక మనిషి నిలబడినంత చోటులో నిలవాలి. గోడంత వెడల్పుగా పరుచుకుంటే స్పీకర్లను ఇంకాస్త మీ వైపు తిప్పండి. ఒక పక్కకు లాగితే కుడి ఎడమ దూరాలు టేపుతో మళ్ళీ కొలవండి, అర అంగుళం తేడా కూడా తెలుస్తుంది. వైర్లలో ప్లస్ మైనస్ ఒక పక్క తారుమారైనా గొంతు ఎక్కడా నిలవదు, బేస్ పోతుంది. అదీ ఒకసారి చూసుకోండి. పెద్ద ఖరీదు సిస్టమ్ ఉన్న ఇళ్ళలో కూడా ఈ పొరపాటు కనబడుతుంది.

ఇంతవరకూ చేసి వారం రోజులు వినండి. ఆ తర్వాతే డబ్బు తీయాలి.

ఎందుకంటే 220 హెర్ట్జ్ పైన కథ వేరు. మీ గది ఘనపరిమాణం సుమారు 41 ఘనపు మీటర్లు. ధ్వని శాస్త్రవేత్త మాన్‌ఫ్రెడ్ ష్రోడర్ ఇచ్చిన సూత్రంలో వేసి చూస్తే 220 ప్రాంతం నుంచి మోడ్లు ఒకదానితో ఒకటి కలిసిపోతాయి, అక్కడి నుంచి శబ్దం క్యారమ్ స్ట్రైకర్‌లా గోడలకు కొట్టుకుంటూ పోతుందని అనుకోవచ్చు. దానికి కింద మాట్లాడాల్సింది చోటు గురించి, పైన గోడల గురించి.

గోడల్లో ముందు పట్టుకోవాల్సింది మొదటి ప్రతిఫలనం. మీరు కుర్చీలో కూర్చోండి, ఇంట్లో ఎవరినైనా ఒక చేతి అద్దం పక్క గోడకు ఆనించి జరుపుతూ రమ్మనండి. అద్దంలో ఆ వైపు స్పీకర్ మీకు కనిపించిన చోటే శబ్దం కొట్టుకుని మీకు చేరే చోటు. మీ కొలతలకు అది ముందు గోడ నుంచి సుమారు మూడున్నర, నాలుగు అడుగుల దగ్గర పడుతుంది. అక్కడ తగిలి వచ్చేది నేరుగా వచ్చేదాని కన్నా దాదాపు 3 మిల్లీసెకన్లు ఆలస్యం. అంత తక్కువ తేడాను చెవి వేరే శబ్దంగా వినదు, ఒకటే అనుకుని కలిపేసుకుంటుంది. కలుపుకున్నప్పుడు గొంతు రంగు మారిపోతుంది. మీరు గీసుకుపోవడం అన్నదాంట్లో చాలా భాగం ఇది, మిగిలింది ఎదురెదురు ఖాళీ గోడల మధ్య టకటకమని తిరిగే ప్రతిధ్వని. గది మధ్య నిలబడి ఒకసారి చప్పట్లు కొడితే ఆ టకటక మీకే తెలుస్తుంది.

ప్యానెల్ 4 అంగుళాల మందం లేకపోతే చేయించకండి. రాక్‌వూల్ స్లాబులు 1200 బై 600 మిల్లీమీటర్లు, 50 మిల్లీమీటర్ల మందంతో దొరుకుతాయి. ఘనపు మీటరుకు 48 కేజీల రకం అడగండి. రెండు స్లాబులు కలిపితే 4 అంగుళాలు. ప్యారీస్ కార్నర్ వైపు ఇన్సులేషన్ సరుకు అమ్మే దుకాణాలుంటాయి, ఏసీ డక్టింగ్ పని చేసేవాళ్ళను అడిగినా ఎక్కడ తెచ్చుకుంటారో చెబుతారు. రాక్‌వూల్ అంటుకోదు కూడా. కార్పెంటర్‌తో నాలుగున్నర అంగుళాల లోతు చట్రం చేయించి, వెనక పలక కొట్టకుండా తెరిచి వదిలేయమనండి. కిందికి రెండు పాదాలు పెట్టిస్తే గోడకు మేకు అక్కర్లేకుండా నిలబడుతుంది. గోడ నుంచి మూడు నాలుగు అంగుళాలు దూరంగా నిలపండి. ఆ ఖాళీ ఊరికే వచ్చిన మందం, ప్యానెల్ పనిచేసే పరిధి ఇంకా కిందికి, 150 హెర్ట్జ్ దాకా దిగుతుంది. మద్రాసులో ఆ ఖాళీకి ఇంకో లాభం ఉంది. ఐప్పసి, కార్తిక మాసాల (అక్టోబరు నుంచి డిసెంబరు) వానల్లో బయటి గోడ చెమ్మ పడుతుంది, ఆనించి పెడితే గుడ్డకు బూజు పట్టేస్తుంది.

స్లాబు కోసేటప్పుడు మాస్కు, గ్లవుజులు, నిండు చేతుల చొక్కా. చర్మానికి తగిలితే రెండు రోజులు గోక్కుంటారు. స్లాబును ముందు పలచటి నాన్ వోవెన్ గుడ్డలో చుట్టి, దాని మీద పైగుడ్డ బిగించాలి. పైగుడ్డకు పరీక్ష ఒక్కటే, నోటికి ఆనించి ఊదితే అవతలికి గాలి రావాలి. రెగ్జిన్, దట్టమైన వెల్వెట్ పనికిరావు. నూలు నేత గుడ్డ బ్రహ్మాండంగా పనిచేస్తుంది. గోడౌన్ స్ట్రీట్‌లో తాన్ల లెక్కన కొనొచ్చు, లేదా ఊరికి వెళ్ళినప్పుడు పెడన కలంకారీ గుడ్డ నాలుగైదు మీటర్లు తెచ్చుకోండి. నల్ల ఫోమ్‌కు ఇంట్లో వచ్చిన అభ్యంతరం కలంకారీకి రాదు.

ఎన్ని కావాలి? ఇక్కడ వాలెస్ సబైన్‌ను తలుచుకోవాలి. 1895లో హార్వర్డ్‌లో ఫాగ్ మ్యూజియం ఉపన్యాస మందిరంలో మాట అర్థం కావడం లేదని ఆ యువ ప్రొఫెసర్‌కు పని అప్పగించారు. ఆయన రాత్రిళ్ళు పక్క థియేటర్ నుంచి సీట్ల దిండ్లు మోయించుకొచ్చి, ఎన్ని దిండ్లు వేస్తే మోత ఎన్ని సెకన్లకు తగ్గుతుందో కొలిచాడు. అందులోంచి పుట్టిన సూత్రాన్నే నేటికీ వాడుతున్నాం: గది ఘనపు మీటర్లను 0.161తో గుణించి, శబ్దాన్ని తినే వైశాల్యంతో భాగిస్తే మోత సెకన్లలో వస్తుంది. తెరిచిన కిటికీ చదరపు మీటరు ఉంటే తినే వైశాల్యం ఒక చదరపు మీటరు, బయటికి పోయింది తిరిగి రాదు కదా. మీ గదిలో ఇప్పుడు, ఫోమ్ తీసేశాక, మోత సెకను దగ్గర ఉంటుందనుకుందాం, అంటే తినే వైశాల్యం ఆరున్నర చదరపు మీటర్లు. ఇంట్లో పాటలకు 0.4 సెకను హాయిగా ఉంటుంది, దానికి 16 పైన కావాలి. అంటే ఇంకో పది చదరపు మీటర్లు.

ఈ పదిని ఇలా పంచండి. పక్క గోడల అద్దపు చోట్లలో చెరొక ప్యానెల్. స్పీకర్ల వెనక చెరొకటి. వెనక గోడకు రెండు. ఆరు ప్యానెల్స్‌తో దాదాపు సగం వచ్చింది. మిగిలిన సగానికి స్పీకర్లకూ కుర్చీకీ మధ్య నేల మీద మందపాటి తివాచీ. భవానీ జంపఖానా ఒక్కటే అయితే పలచన, దాని కింద పాత బొంత ఏదైనా వేయండి. కిటికీ వైపు కర్టెన్ బరువైనది, కిటికీకి రెండింతల వెడల్పు కుచ్చులతో, అద్దానికి నాలుగు అంగుళాల ఎడంగా. దివాన్ కాట్‌ను వెనక గోడకు వేసి దాని మీద బూరుగు దూది పరుపులు రెండు పరవండి, ఆ దూది మంచి సరుకు. మీరు కూర్చుంటే మీరూ లెక్కలోకి వస్తారు, మనిషి కూడా దిండే.

మన ఫ్లాట్లలో ఎవరూ పట్టించుకోనిది ఒకటుంది, అటక. మీ గదిలో ఒక పొట్టి గోడ పొడవునా సీలింగ్ కింద కాంక్రీటు అటక ఉందని, దాంట్లో ఖాళీ సూట్‌కేసులు ఉన్నాయని రాశారు. గోడా సీలింగూ కలిసే మూలలో బేస్ ఒత్తిడి ఎక్కువ, స్టూడియోల్లో డబ్బు పోసి బేస్‌ను మింగే బేస్ ట్రాప్ కట్టించేది సరిగ్గా అలాంటి చోటే. సూట్‌కేసులు తీసేసి పాత పరుపులు, బొంతలు, దిండ్లు, మిగిలిన రాక్‌వూల్ ముక్కలు దట్టంగా నింపి ముందు గుడ్డ వేలాడదీయండి. రెండడుగుల లోతు, పదకొండు అడుగుల పొడవు. ఏ దుకాణంలోనూ అంత పెద్ద ట్రాప్ దొరకదు. 81 హెర్ట్జ్ మీద తేడా తెలుస్తుంది. 40 హెర్ట్జ్ మీద ఆశ పెట్టుకోవద్దు, మీ స్పీకర్లు అంత కిందికి ఎలాగూ దిగవు. నేల మీద వెనక మూలలు రెండూ కూడా ఖాళీగా ఉంటే అక్కడ ఇంకా మందంగా, 6 అంగుళాలు, నిలువు ప్యానెల్స్ మూలకు అడ్డంగా పెట్టండి. డబ్బు మిగిలితేనే.

ఇంతకు మించి పెట్టకండి. మొత్తం కప్పేస్తే డబ్బింగ్ గది అవుతుంది. అది మాట రికార్డు చేయడానికి బాగుంటుంది, పాట వినడానికి కాదు. పుస్తకాల అలమర ఉంటే వెనక గోడ దగ్గరే ఉంచండి, పుస్తకాలను ఒకటి లోపలికి, ఒకటి బయటికి సర్దితే శబ్దం చెదిరి గదికి కాస్త ప్రాణం ఉంటుంది.

స్టీల్ బీరువా సంగతి మరిచేవాణ్ణి. ఏదో ఒక స్వరానికి బీరువా తలుపో, కిటికీ అల్యూమినియం రెక్కో, స్విచ్ ప్లేటో గరగరమంటుంది, దాన్ని స్పీకర్ తప్పనుకుంటాం. ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ వేసి 40 నుంచి 200 వరకు మెల్లగా ఎక్కిస్తూ గదంతా తిరగండి, మోగినదాని మీద చేయి పెట్టండి. రబ్బరు వాషరో, మడిచిన కాగితమో చాలు. ఏసీ, ఫ్యాన్ ఆపి ఒకసారి, వేసి ఒకసారి వినండి. ఫ్యాన్ రెక్కలు పై నుంచి వచ్చే శబ్దాన్ని కోస్తాయి, వయొలిన్‌లో ఆ వణుకు పట్టేస్తుంది. ఏప్రిల్‌లో ఫ్యాన్ ఆపమని చెప్పేంత క్రూరుణ్ణి కాదు గానీ, స్పీడు తగ్గించి ఏసీ మీద వినండి.

కొలవాలనుకుంటే రూమ్ ఈక్యూ విజార్డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. కొలతకని చేసిన యూఎస్‌బీ మైక్ ఎవరి దగ్గరైనా ఒక రోజుకు అడిగి తెచ్చుకోండి, ఫోన్ మైకు బేస్‌ను సరిగా పట్టుకోదు. గ్రాఫ్‌లో శిఖరాలను ఈక్వలైజర్‌తో (ఒక్కో స్థాయి బలాన్ని విడిగా పెంచే, తగ్గించే సాధనం) దించండి, బాగా పనిచేస్తుంది. గుంటలను పైకెత్తాలని చూడకండి. 6 డెసిబెల్స్ ఎత్తితే ఆంప్ నాలుగింతలు కష్టపడాలి, గోడ నుంచి తిరిగొచ్చేది కూడా అంతే పెరిగి మళ్ళీ చంపుతుంది. ఈక్వలైజర్ చివరి పని, కుర్చీ, స్పీకర్, ప్యానెల్ అన్నీ కుదిరాక.

పై ఇంటివాళ్ళ విషయంలో ఒకటి స్పష్టంగా తెలుసుకోండి, ఈ ప్యానెల్స్ ఏవీ శబ్దాన్ని బయటికి పోకుండా ఆపవు. ఆపేవి బరువు, సందు లేకుండా మూయడం, ఆ రెండూ అద్దె ఇంట్లో మీ చేతిలో లేవు. తలుపు కింది సందుకు రబ్బరు పట్టీ వేస్తే హాల్లోకి పోయేది తగ్గుతుంది. నేల కాంక్రీటులోకి దిగే అదురును స్పీకర్ కింద రబ్బరు కొంత ఆపుతుంది. 103 మీద గది ఊగడం తగ్గితే వాళ్ళకు వినపడే గుమ్మనడం కూడా కొంత తగ్గుతుంది. కూర్చునే చోటు బాగుపడితే మీరే వాల్యూమ్ తగ్గిస్తారు. స్వరాలు వినపడక పెంచేవాళ్ళే ఎక్కువ.

సబ్‌వూఫర్ ఇప్పుడు కొనకండి. బేస్ తక్కువైందని మీకు అనిపిస్తున్నది బేస్ లేకపోవడం వల్ల కాదు, ఒకట్రెండు స్వరాలు మిగతావాటిని కప్పేయడం వల్ల. పైవన్నీ చేశాక కూడా అడుగు పలచగా ఉందనిపిస్తే చిన్నది, మూసి ఉన్న డబ్బా రకం తీసుకుని ముందు గోడకు సరిగ్గా మధ్యన పెట్టండి. అక్కడ అది 51ని లేపలేదు. 80 హెర్ట్జ్ పైది దానికి వెళ్ళకుండా కోస్తే 103 దాకా రాదు. ఆ చోటు నచ్చకపోతే సబ్‌ను మీ కుర్చీలో పెట్టి పాట వేసి, మీరు గోడల వెంట వంగి నడుస్తూ ఎక్కడ సమంగా వినిపిస్తే అక్కడికి మార్చండి. కొనేముందు ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చి రెండు సాయంత్రాలు మోగించి చూడండి, పై ఇంటివాళ్ళు ఏమంటారో అప్పుడే తెలిసిపోతుంది.